గట్టు ఎక్కడ వేయాలి: లినక్స్, బీఎస్‌డీల్లో డిస్క్ పార్టిషన్ల లెక్క

1 టీబీ డిస్క్‌లో 700 జీబీ ఖాళీగా ఉంది. అయినా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ సగంలో ఆగిపోయి, డివైస్‌లో చోటు లేదంటుంది. మెషీన్ రీస్టార్ట్ చేస్తే పాస్‌వర్డ్ తీసుకుని మళ్లీ లాగిన్ స్క్రీన్ దగ్గరే నిలబెడుతుంది. కారణం వెతుక్కుంటూ పోతే ఇన్‌స్టాల్ చేసిన రోజు దగ్గర తేలుతుంది. ఆ రోజు రూట్‌కు (సిస్టమ్ ఫైళ్లుండే చోటు) 25 జీబీ ఇచ్చి, మిగిలినదంతా యూజర్ల సొంత ఫైళ్లుండే /హోమ్‌కు రాసేశారు. రెండేళ్లలో విడి పొట్లాలుగా వచ్చే ఫ్లాట్‌ప్యాక్ యాప్‌లు, డాకర్ కంటైనర్ల ఇమేజ్‌లు, సిస్టమ్ నడకను రాసిపెట్టే లాగ్‌లు కలిసి ఆ 25 జీబీని మింగేశాయి. ఖాళీ అంతా గోడ అవతల ఉండిపోయింది.

సర్వర్లలో జరిగేది దీనికి తలకిందులు. డిస్క్ మొత్తం ఒకటే పార్టిషన్, అంటే మధ్యలో గోడల్లేని ఒకే గది. ఏదో ప్రోగ్రామ్ అదుపు తప్పి రాత్రంతా ఎర్రర్ లాగ్ రాస్తూ పోతుంది. తెల్లారేసరికి డిస్క్ నిండి, డేటాబేస్ రాసుకోవడానికి చోటు లేక ఆగిపోతుంది, వచ్చిన మెయిల్ వెనక్కి పోతుంది. లాగ్‌కు ఒక గోడ ఉండి ఉంటే లాగ్ ఒక్కటే ఆగేది.

పొలంలో గట్టు వేసేది ఒక మడి నీరు పక్క మడిలోకి పోకుండా. నీరు తక్కువైన ఏడాది అదే గట్టు పక్క మడి నీటిని ఇటు రానివ్వదు. గట్టు కింద కొంత నేల కూడా పోతుంది. పార్టిషన్ సంగతీ అంతే. అందుకని ఎన్ని పార్టిషన్లు కావాలన్న ప్రశ్న కంటే ముందు, ఒక్కో గట్టును ఏ వరద ఆపడానికి వేస్తున్నామో చెప్పగలగాలి. చెప్పలేని గట్టు వేయకపోవడమే మంచిది.

పాత లెక్కలు, ఇప్పటి లెక్కలు

ఇవాళ గట్టిగా నిలబడే కారణాలు నాలుగే. ఒక చోట నిండితే ఇంకో చోట పని ఆగకూడదు. సిస్టమ్‌ను చెరిపి మళ్లీ వేసినా సొంత ఫైళ్లు ఉండాలి. ఒక్కో చోటికి ఒక్కో రకం ఫైల్ సిస్టమో (ఫైళ్లను డిస్క్ మీద అమర్చే పద్ధతి), మౌంట్ నిబంధనలో (పార్టిషన్‌ను ఒక డైరెక్టరీకి తగిలించేటప్పుడు పెట్టే షరతులు) కావాలి. నాలుగోది మన చేతిలో లేనిది: మెషీన్‌లోనే ఉండే ఫర్మ్‌వేరో, సిస్టమ్‌ను లేపే బూట్‌లోడరో ఫలానా పార్టిషన్ ఉండాల్సిందేనని పట్టుబడుతుంది.

వేగం కోసం విడదీయాలన్న సలహాకు తిరిగే డిస్కుల కాలంలో అర్థం ఉండేది. పళ్లెం బయటి అంచున ఒక చుట్టులో ఎక్కువ సెక్టార్లు పడతాయి కాబట్టి డిస్క్ మొదట్లో ఉన్న పార్టిషన్ చివరి దానికంటే చురుగ్గా చదవబడేది. ఎస్ఎస్‌డీలో తిరిగే పళ్లెమే లేదు. కరెంటు పోయి వస్తే గంటల తరబడి ఫైల్ సిస్టమ్ తనిఖీ జరుగుతుంది కాబట్టి చిన్న ముక్కలు మంచివన్న వాదన కూడా మార్పులను ముందే రాసుకునే జర్నల్ ఉన్న ఫైల్ సిస్టమ్‌లు వచ్చాక చాలావరకు పోయింది.

ఇప్పుడు ప్రోగ్రాములుండే /యూఎస్ఆర్ డైరెక్టరీ కథ ఇంకా సరదాగా ఉంటుంది. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ పీడీపీ-11 మీద యూనిక్స్ నడుపుతున్నప్పుడు ఆ పేరు కింద ఉన్నవి యూజర్ల డైరెక్టరీలు. సిస్టమ్ ఉన్న మొదటి డిస్క్ నిండడంతో ప్రోగ్రాములు యూజర్ల డిస్క్ మీదికి పొంగాయి. అక్కడ రెండో బిన్ (ప్రోగ్రాములుండే డైరెక్టరీ), రెండో లిబ్ (వాటి లైబ్రరీలుండేది) పుట్టాయి. చోటు చాలక జరిగిన ఈ సర్దుబాటుకు తర్వాత్తర్వాత సిద్ధాంతాలు అల్లారు. లినక్స్‌లో ఇప్పుడా విభజన దాదాపు ముగిసింది. లినక్స్ డిస్ట్రోల్లో (ప్యాకేజీలన్నీ కలిపి ఇచ్చే రూపాలు) ఫెడోరా 17 (2012) రెండు బిన్‌లనూ కలిపేసింది, డెబియన్ 12 (2023) నుంచి కలిసిన రూపం ఒక్కటే చెల్లుతుంది. కాబట్టి లినక్స్‌లో /యూఎస్ఆర్‌కు వేరే పార్టిషన్ ఇవ్వడం దండగ. సెట్టింగుల ఫైళ్లుండే /ఈటీసీని అసలు విడదీయనే కూడదు. ఏ పార్టిషన్ ఎక్కడ మౌంట్ కావాలో రాసి ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్ ఉండేది అందులోనే మరి. తాళంచెవిని పెట్టెలో పెట్టి తాళం వేసినట్టవుతుంది.

బీఎస్‌డీ అనే యూనిక్స్ కుటుంబానికి చెందిన ఓపెన్‌బీఎస్‌డీ దారి వేరు. దాని ఇన్‌స్టాలర్ పెద్ద డిస్క్ చూపిస్తే తనంతట తానే రూట్, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే చోటు), /టెంప్ (తాత్కాలిక ఫైళ్లు), /వార్ (లాగ్‌ల్లాంటి మారే డేటా), /యూఎస్ఆర్, దాని కింద ఎక్స్11, లోకల్, సోర్స్, ఆబ్జెక్ట్, ఆపైన /హోమ్ అని పదింటిని ప్రతిపాదిస్తుంది. ఇది పాతకాలపు అలవాటు అనుకుంటే పొరపాటు. 6.0 వెర్షన్ నుంచి, ఒకే మెమరీ పేజీని రాయడానికీ నడపడానికీ వాడే ప్రోగ్రాములను అది ప్రత్యేక మౌంట్ ఆప్షన్ ఉన్న ఫైల్ సిస్టమ్‌లోంచి మాత్రమే నడవనిస్తుంది. ఆ సడలింపు /యూఎస్ఆర్/లోకల్ పార్టిషన్‌కు మాత్రం ఇస్తుంది. గట్టుకు కచ్చితమైన పని ఉంది. డిస్క్ అంతా ఒకటిగా వేస్తే ఆ కట్టడి మొత్తం డిస్క్‌కూ సడలించాల్సి వస్తుంది.

బూట్ కోసం తప్పనివి

పార్టిషన్ పట్టిక రెండు రకాలు. పాతది ఎంబీఆర్. డిస్క్ మొదటి 512 బైట్ల సెక్టార్‌లో 446 బైట్లు బూట్ కోడ్‌కు, ఒక్కొక్కటి 16 బైట్ల చొప్పున నాలుగు పార్టిషన్ల వివరాలకు 64 బైట్లు, చివరి 2 బైట్లు గుర్తుకు. నాలుగు ప్రైమరీ పార్టిషన్ల పరిమితి అక్కడిదే. సెక్టార్ నంబర్ 32 బిట్‌లలో రాస్తారు కాబట్టి 512 బైట్ల సెక్టార్లతో అది సుమారు 2.2 టీబీ దాటి చూడలేదు. కొత్తది జీపీటీ. మామూలుగా 128 పార్టిషన్లకు చోటుంటుంది, పట్టిక నకలు డిస్క్ చివర ఇంకొకటి ఉంటుంది. కొత్తగా వేస్తున్న డిస్క్‌కు జీపీటీని కాదనడానికి కారణం దొరకడం కష్టం.

పాత బయోస్ ఫర్మ్‌వేర్ ఉన్న మెషీన్‌లో జీపీటీ డిస్క్ మీద గ్రబ్ అనే బూట్‌లోడర్ వేయాలంటే మాత్రం ఒక మెలిక ఉంది. ఎంబీఆర్ డిస్కుల్లో గ్రబ్ తన రెండో భాగాన్ని మొదటి సెక్టార్‌కూ మొదటి పార్టిషన్‌కూ మధ్యనున్న ఖాళీలో దాచుకునేది. జీపీటీలో ఆ చోటు పట్టికకు పోయింది. అందుకే 1 ఎంబీ సైజులో బయోస్ బూట్ అనే పార్టిషన్ ఒకటి, ఫార్మాట్ చేయకుండా, విడిగా ఇవ్వాలి. అది మరచిపోతే ఇన్‌స్టాలేషన్ అంతా సాఫీగా సాగి, ఆఖరున బూట్‌లోడర్ దగ్గర బోల్తా పడుతుంది.

కొత్త రకం ఫర్మ్‌వేర్ అయిన యూఈఎఫ్ఐ ఉన్న మెషీన్‌కు ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ కావాలి, అది ఫ్యాట్32లో ఉండాలి. విండోస్ ఇన్‌స్టాలర్ దీన్ని మామూలుగా 100 ఎంబీతో చేస్తుంది. గ్రబ్‌కు అది చాలు. గ్రబ్ వేసేవి కొన్ని చిన్న ఫైళ్లు, సిస్టమ్ గుండె అయిన కెర్నల్ /బూట్‌లో ఉంటుంది. సిస్టమ్‌డీ-బూట్ అనే ఇంకో బూట్‌లోడర్ వాడదలిస్తే లెక్క మారిపోతుంది. మామూలు అమరికలో కెర్నల్, బూట్ తొలి దశలో దానికి తోడుండే ఇనిట్ర్యామ్‌ఎఫ్ఎస్ రెండూ ఈ పార్టిషన్‌లోకే వస్తాయి, 100 ఎంబీలో ఒక్క జత పట్టినా గొప్పే. సెక్టార్ 4096 బైట్లుండే డిస్కుల్లో ఇంకో చిక్కు. ఫ్యాట్32కు కనీసం 65,525 క్లస్టర్లుండాలి (చోటు కేటాయించే ముక్కలు), క్లస్టర్ ఒక సెక్టార్‌కంటే చిన్నది కాలేదు. ఆ రెంటినీ గుణిస్తే సుమారు 256 ఎంబీ, పట్టిక ఖర్చు కలిపితే 260. అంతకు తగ్గితే ఫార్మాటే కాదు. కొత్త డిస్క్‌లో 512 ఎంబీ నుంచి 1 జీబీ ఇచ్చేస్తే ఈ లెక్కలన్నీ అక్కర్లేదు. విండోస్ ఉన్న మెషీన్‌లో ఉన్నదాన్నే పంచుకోవచ్చు, కానీ ఇన్‌స్టాలర్ తెరమీద దాన్ని ఫార్మాట్ చేయమనే టిక్కు పడి ఉంటే తప్పకుండా తీసేయాలి. ఆ టిక్కుతో విండోస్ బూట్ ఫైళ్లు పోతాయి.

/బూట్‌ను విడదీయాల్సింది ముఖ్యంగా రూట్‌ను లక్స్ అనే పద్ధతితో ఎన్‌క్రిప్ట్ చేసినప్పుడు, లేదా రూట్ ఫైల్ సిస్టమ్‌ను బూట్‌లోడర్ సరిగా చదవలేనప్పుడు. మిగతా సందర్భాల్లో అది రూట్‌లోనే ఉండనివ్వాలి. విడదీస్తే మాత్రం పిసినారితనం పనికిరాదు. కెర్నల్ పదీ పదిహేను ఎంబీ ఉంటే, దానితో వచ్చే ఇనిట్ర్యామ్‌ఎఫ్ఎస్ ఫర్మ్‌వేర్లు, గ్రాఫిక్స్ డ్రైవర్లు కలుపుకుని 100 ఎంబీ కూడా దాటుతుంది. రెండు మూడు కెర్నళ్లు పక్కపక్కన ఉంటాయి. కొత్త ఇనిట్ర్యామ్‌ఎఫ్ఎస్ తయారవుతున్నంతసేపు పాతదీ కొత్తదీ రెండూ చోటు తింటాయి. 250 ఎంబీ /బూట్ ఉన్న పాత ఉబుంటు మెషీన్లు అప్‌డేట్ మధ్యలో ఇరుక్కునేది ఇక్కడే. అప్పుడు పాత కెర్నళ్లను తీసేద్దామన్నా, సగం కట్టిన ప్యాకేజీ అడ్డుపడి ప్యాకేజీ మేనేజర్ ముందుకు కదలదు. 1 జీబీ ఇస్తే ఆ బాధ ఉండదు.

రూట్ ఎంత, హోమ్ ఎంత

డెస్క్‌టాప్ రూట్‌కు 20 జీబీ చాలన్న సలహా ఇంకా తిరుగుతోంది. అది ప్యాకేజీలన్నీ డిస్ట్రో నుంచే వచ్చే రోజుల లెక్క. ఇప్పుడు ఫ్లాట్‌ప్యాక్, స్నాప్, డాకర్, వర్చువల్ మెషీన్ల డిస్క్ ఇమేజ్‌లు అన్నీ డీఫాల్ట్‌గా /వార్/లిబ్ కింద చేరతాయి. /వార్ రూట్‌లోనే ఉంటే అవన్నీ రూట్ ఖాతాలోకే. వీటిలో ఏ ఒక్కటి వాడినా రూట్‌కు 60 నుంచి 100 జీబీ ఇవ్వాలి. ఏదీ వాడకపోతే 40 జీబీ చాలు.

/హోమ్ విడిగా ఉంటే మళ్లీ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రూట్‌ను ఫార్మాట్ చేసి /హోమ్‌ను అలాగే ఉంచేయొచ్చు. డిస్ట్రో మార్చే అలవాటున్నవాళ్లకు నిజంగా ఉపయోగపడే గట్టు ఇదొక్కటే. అయితే ఫైళ్ల యజమాని పేరుతో కాదు, నంబర్‌తో గుర్తుంటాడు. పాత సిస్టమ్‌లో ఇద్దరు యూజర్లుండి, మొదటివారికి 1000, రెండోవారికి 1001 నంబర్లు పడితే, కొత్తదాంట్లో వరస తప్పి సృష్టిస్తే ఒకరి ఫైళ్లు ఇంకొకరి చేతికి వెళతాయి. ఇంకో మాట: విడి /హోమ్ బ్యాకప్ కాదు. డిస్క్ పోతే రెండు పార్టిషన్లూ కలిసే పోతాయి.

సైజులు వేసేటప్పుడు డిస్క్ డబ్బా మీది అంకెను నమ్ముకోకూడదు. తయారీదారు జీబీ అంటే వెయ్యి లెక్క, టూల్స్ చూపించేది చాలావరకు 1024 లెక్క. 512 జీబీ డిస్క్ 476గా, 1 టీబీ 931గా కనిపిస్తాయి. ఆపైన లినక్స్‌లో ఎక్కువగా వాడే ఈఎక్స్‌టీ4 ప్రతి ఫైల్ సిస్టమ్‌లో 5 శాతం బ్లాకులను రూట్ యూజర్‌కు (అడ్మిన్ ఖాతా) అట్టిపెడుతుంది. సిస్టమ్ పార్టిషన్‌కు అది మేలే, మామూలు ప్రోగ్రాములు చోటంతా తినేసినా అడ్మిన్ లోపలికి వచ్చి శుభ్రం చేయగలడు. 900 జీబీ సినిమాల పార్టిషన్‌లో 45 జీబీ ఊరికే పక్కన పడి ఉండడం మాత్రం అనవసరం. ట్యూన్2ఎఫ్ఎస్ కమాండ్‌తో దాన్ని 1 శాతానికో సున్నాకో దించొచ్చు, డేటా చెక్కుచెదరదు.

తర్వాత సైజు మార్చుకోవచ్చులే అనుకునేవాళ్లు ఫైల్ సిస్టమ్ ఎంచుకునేటప్పుడే ఆలోచించాలి. ఈఎక్స్‌టీ4ను నడుస్తుండగానే పెంచొచ్చు, తగ్గించాలంటే అన్‌మౌంట్ చేయాలి. అది రూట్ అయితే లైవ్ యూఎస్‌బీ నుంచే పని. రెడ్‌హ్యాట్ కుటుంబంలో డీఫాల్ట్‌గా వచ్చే ఎక్స్‌ఎఫ్ఎస్‌ను పెంచడమే గానీ తగ్గించడం కుదరదనుకోవాలి, తప్పదంటే బ్యాకప్ తీసి మళ్లీ ఫార్మాట్ చేయాలి. అందుకే ఎక్స్‌ఎఫ్ఎస్ వేసేచోట మొదట చిన్నగా మొదలుపెట్టడం మేలు.

/వార్: నిండేది ఇక్కడే

సర్వర్‌లో ఒకే ఒక్క గట్టు వేసే అవకాశం ఉంటే అది /వార్ దగ్గరే వేయాలి. లాగ్‌లు, మెయిల్ క్యూ, ప్యాకేజీ క్యాష్, డేటాబేస్‌లు, కంటైనర్లు అన్నీ దాని కిందే. కానీ /వార్ మొత్తానికి ఒక గట్టు వేసి ఊరుకుంటే మొదట్లో చెప్పిన ప్రమాదం /వార్ లోపల మళ్లీ జరుగుతుంది: లాగ్ పొంగితే డేటాబేస్ మునుగుతుంది. అసలు గట్టు పడాల్సింది పొంగేదానికీ పొంగకూడనిదానికీ మధ్య. /వార్/లాగ్ ఒకటి, డేటాబేస్ డైరెక్టరీ ఒకటి విడిగా ఉంటే చాలాసార్లు మిగతా /వార్ రూట్‌లోనే ఉన్నా నష్టం లేదు.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు విడి పార్టిషన్ ఇచ్చేవాళ్లు మౌంట్ పాయింట్‌నే (పార్టిషన్‌ను తగిలించే డైరెక్టరీ) డేటా డైరెక్టరీగా చూపించబోతే, డేటాబేస్‌ను సిద్ధంచేసే ఇనిట్‌డీబీ ఒప్పుకోదు. ఈఎక్స్‌టీ4 వేయగానే అందులో లాస్ట్+ఫౌండ్ డైరెక్టరీ పుడుతుంది, ఖాళీగా లేని డైరెక్టరీ దానికి పనికిరాదు. ఆ డైరెక్టరీని తీసేసి పని కానివ్వడం తప్పుదారి. మౌంట్ పాయింట్ లోపల ఒక సబ్ డైరెక్టరీ చేసి దాన్ని చూపించాలి. ఏదో రోజు పార్టిషన్ మౌంట్ కాకుండానే సిస్టమ్ లేచిందనుకోండి, ఆ సబ్ డైరెక్టరీ కనబడక డేటాబేస్ మొదలవదు. మౌంట్ పాయింటే డేటా డైరెక్టరీ అయితే వెనకున్న ఖాళీ డైరెక్టరీలో ఎవరో కొత్త డేటాబేస్ మొదలుపెట్టే ప్రమాదం ఉంది.

చోటు ఉండగానే నిండడం అనే విచిత్రం కూడా /వార్‌లోనే ఎక్కువ. ఈఎక్స్‌టీ4 ఫార్మాట్ చేసేటప్పుడే ప్రతి 16 కేబీకి ఒక ఇనోడ్ (ఒక ఫైల్ వివరాలుండే గడి) చొప్పున లెక్కకట్టి పెడుతుంది. ఫైల్ ఎంత చిన్నదైనా ఒక ఇనోడ్ పోతుంది. 20 జీబీ /వార్ తీసుకుంటే 13,10,720 ఇనోడ్లు. ఏదో వెబ్ అప్లికేషన్ పాత సెషన్ ఫైళ్లను తుడవకుండా వదిలేసిందనుకుందాం. ఒక్కో ఫైల్ నాలుగు వందల బైట్లే అయినా 4 కేబీ బ్లాక్ తీసుకుంటుంది. 13 లక్షల ఫైళ్లయ్యేసరికి వాడినది 5 జీబీ, ఖాళీ 15 జీబీ, అయినా ఇంకొక్క ఫైల్ పుట్టదు. ఖాళీ చోటు చూపే డీఎఫ్ కమాండ్ మామూలుగా చూపిస్తే 25 శాతమే కనిపిస్తుంది, హైఫన్ ఐ జోడిస్తే 100 శాతం బయటపడుతుంది. ఇనోడ్ల సంఖ్యను తర్వాత విడిగా పెంచలేం. ఫైల్ సిస్టమ్‌ను పెంచితే అవీ పెరుగుతాయి, లేదంటే మళ్లీ ఫార్మాట్ చేయాలి. చిట్టి ఫైళ్లు కోట్లలో వస్తాయని తెలిసినచోట మొదటే నిష్పత్తి మార్చాలి, లేదా ఇనోడ్లను అవసరాన్నిబట్టి పుట్టించే ఎక్స్‌ఎఫ్ఎస్ వేయాలి.

ఇంకో మాయ: పెద్ద లాగ్‌ను తుడిచినా చోటు తిరిగి రాదు. ఆ ఫైల్‌ను ఏదో ప్రోగ్రామ్ తెరిచి పట్టుకునే ఉంటే పేరు పోతుంది గానీ బ్లాకులు పోవు. ఫైళ్ల సైజులు కూడే డీయూ కమాండ్ కూడిక తక్కువ, డీఎఫ్ అంకె ఎక్కువ చూపిస్తే అనుమానించాల్సింది దీన్నే. ఆ సర్వీస్‌ను రీస్టార్ట్ చేస్తే చోటు విడుదలవుతుంది.

/టెంప్, ఆ మూడు ఆప్షన్లు

/టెంప్‌కు డిస్క్ మీద విడి పార్టిషన్ ఇవ్వాల్సిన అవసరం తగ్గింది. ఫెడోరా 18 నుంచి, డెబియన్‌లో 13 (2025) నుంచి అది ర్యామ్‌లో ఉండే టెంప్‌ఎఫ్ఎస్, మామూలుగా ర్యామ్‌లో సగం వరకు. ర్యామ్ 4 జీబీయే ఉన్న మెషీన్‌లో పెద్ద వీడియో మార్పిడి చేస్తే మాత్రం ఇబ్బందే, అలాంటి పనులకు /వార్/టెంప్ చూపించాలి.

భద్రత కోసం విడదీసేవాళ్లు నోసూయిడ్ (నడిపేవారివి కాక యజమాని అధికారాలతో ప్రోగ్రామ్ నడవకుండా ఆపేది), నోడెవ్ (డివైస్ ఫైళ్లను పట్టించుకోనిది), నోఎక్సెక్ (ప్రోగ్రాములను నడవనివ్వనిది) అనే మూడు ఆప్షన్ల కోసం చేస్తారు. సీఐఎస్ బెంచ్‌మార్క్ అనే భద్రతా ప్రమాణం ప్రకారం ఆడిట్ జరిగే సంస్థల్లో /టెంప్, /వార్, /వార్/టెంప్, /వార్/లాగ్, ఆడిట్ లాగ్, /హోమ్ అన్నీ విడిగా అడుగుతారు. మొదటి రెండు ఆప్షన్లూ /టెంప్, /హోమ్‌ల మీద నిశ్చింతగా పెట్టొచ్చు. నోఎక్సెక్ దగ్గర జాగ్రత్త. దాన్ని /వార్ మీద పెడితే డెబియన్‌లో ప్యాకేజీ స్క్రిప్టులు నడవవు, అవి /వార్/లిబ్/డీపీకేజీ నుంచే నడుస్తాయి కాబట్టి. /టెంప్ మీద పెడితే ప్యాకేజీ సెట్టింగులు అడిగే డెబ్‌కాన్ఫ్ ముందస్తు ప్రశ్నల దగ్గర పర్మిషన్ లేదని సణుగుతుంది. /హోమ్ మీద పెడితే ఇంట్లో కంపైల్ చేసుకున్నదేదీ, యాప్‌ఇమేజ్ ఏదీ నడవదు. ఇంత చేసినా షెల్ స్క్రిప్టును షెల్‌కు ఫైల్‌గా అందిస్తే హాయిగా నడుస్తుంది. అది తాళం కాదు, గడియ.

స్వాప్: రెండింతల సామెత

ర్యామ్‌కు రెండింతలు స్వాప్ అన్నది చాలామంది నోట ఇంకా వినబడుతుంది. పాత బీఎస్‌డీల్లో ప్రోగ్రామ్ అడిగిన మెమరీకి ముందే స్వాప్‌లో చోటు కేటాయించి పెట్టేవారు, ర్యామ్ కంటే స్వాప్ చిన్నదైతే ఉన్న ర్యామ్ కూడా పూర్తిగా వాడుకోలేని పరిస్థితి. లినక్స్ 2.4 తొలి వెర్షన్లలోనూ అలాంటి ఇబ్బందే వచ్చింది. ఆ కారణాలు పోయాయి, సామెత మిగిలింది. 32 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్ నిజంగా 64 జీబీ స్వాప్‌లోకి దిగిందంటే అది ఎప్పుడో మనిషి వాడలేని స్థితికి చేరి ఉంటుంది.

రెడ్‌హ్యాట్ సిఫార్సు ఇప్పటికీ కాస్త ఉదారంగానే ఉంటుంది: 2 జీబీ లోపు ర్యామ్‌కు రెండింతలు, 2 నుంచి 8 వరకు ర్యామ్ అంత, ఆపైన కనీసం 4 జీబీ. హైబర్నేట్ కావాలంటే లెక్క వేరు, ర్యామ్ మొత్తం డిస్క్ మీదికి దిగాలి కాబట్టి కనీసం ర్యామ్ అంత ఉంచడం క్షేమం. కానీ సెక్యూర్ బూట్ (సంతకమున్న సిస్టమ్‌నే లేవనిచ్చే రక్షణ) ఆన్‌లో ఉంటే చాలా డిస్ట్రోల కెర్నల్ హైబర్నేట్‌ను ఒప్పుకోదు. అది తెలియక 16 జీబీ పార్టిషన్ కేటాయించి ఏడాది తర్వాత గమనించేవాళ్లు తక్కువేమీ కాదు.

హైబర్నేట్ అక్కర్లేనివాళ్లకు స్వాప్ పార్టిషనే అక్కర్లేదు. ఉబుంటు 17.04 నుంచి స్వాప్ ఫైల్ వాడుతోంది, ఫెడోరా 33 నుంచి ర్యామ్‌లోనే కుదించి పెట్టే జెడ్‌ర్యామ్ వాడుతోంది. ఫైల్ అయితే రేపు తీసేసి పెద్దది పెట్టుకోవచ్చు. బీటీఆర్‌ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ మీద మాత్రం మామూలుగా ఫైల్ చేసి వాడబోతే కుదరదు, కాపీ-ఆన్-రైట్ (మార్పును కొత్త చోట రాసే పద్ధతి) ఆపిన ఫైల్ కావాలి. దానికోసం ఆ టూల్స్‌లోనే స్వాప్‌ఫైల్ చేసే కమాండ్ ఉంది. బీఎస్‌డీల్లో స్వాప్ పార్టిషన్‌కు ఇంకో పని ఉంది: కెర్నల్ కూలితే మెమరీ డంప్ అందులోకే పడుతుంది, తర్వాత బూట్‌లో దాన్ని /వార్/క్రాష్‌లోకి తీస్తారు. అక్కడ స్వాప్‌ను మరీ తగ్గించకూడదు.

కదిలే గట్లు

పార్టిషన్ గోడ సిమెంటుది, ఎల్‌వీఎం (లాజికల్ వాల్యూమ్ మేనేజర్) గోడ చెక్కది. డిస్క్ మొత్తాన్ని ఒక వాల్యూమ్ గ్రూప్ చేసి, అందులోంచి కావలసినంత కోసి ఇస్తారు. దీని సుఖమంతా ఒక నియమంలో ఉంది: ఉన్న చోటంతా మొదటి రోజే పంచేయకూడదు. 931 జీబీలో 300 మాత్రమే పంచి, మిగతాది ఎవరికీ ఇవ్వకుండా వదిలేయాలి. /వార్ నిండుతుంటే ఎల్‌వీఎక్స్‌టెండ్ ఒక్క కమాండ్‌తో, ఫైల్ సిస్టమ్ కూడా పెరిగే ఆప్షన్ ఇచ్చి, నడుస్తుండగానే 20 జీబీ కలిపేయొచ్చు. ఇన్‌స్టాలర్ ఆటోమేటిక్ అమరిక చాలాసార్లు చోటంతా పంచేస్తుంది. అలా పంచేశాక ఎల్‌వీఎం పెట్టుకున్న లాభం సగానికి పడిపోతుంది.

బీటీఆర్‌ఎఫ్ఎస్ సబ్‌వాల్యూమ్‌లు, జెడ్‌ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్ డేటాసెట్‌లు (రెండూ ఒకే చోటును పంచుకునే విభాగాలు) గట్టునే తీసేసి తూము పెడతాయి. చోటు అందరిదీ, కావాలంటే ఒక్కోదానికి కోటా. వీటిలో ఎక్కడ విడదీయాలన్న ప్రశ్న మారుతుంది: ఏది కలిసి వెనక్కి వెళ్లాలి, ఏది వెళ్లకూడదు. అప్‌డేట్ చెడి నిన్నటి స్నాప్‌షాట్‌కు (అప్పటి స్థితి నకలు) రూట్‌ను తిప్పితే /హోమ్‌లో ఈరోజు రాసిన ఫైళ్లు పోకూడదు, లాగ్‌లూ పోకూడదు, ఎందుకు చెడిందో చెప్పేవి అవే. అలాగని /వార్ మొత్తాన్ని విడదీస్తే ప్యాకేజీ డేటాబేస్ అక్కడే ఉండిపోతుంది. ప్రోగ్రాములు నిన్నటివి, ఏం ఇన్‌స్టాల్ అయిందన్న చిట్టా ఈరోజుది. ఓపెన్‌సూసే, ఫెడోరాలు ఆర్‌పీఎం ప్యాకేజీ డేటాబేస్‌ను /వార్ నుంచి /యూఎస్ఆర్ కిందికి మార్చడానికి ఇది ముఖ్య కారణం. ఫ్రీబీఎస్‌డీ జెడ్‌ఎఫ్ఎస్ అమరికలో /వార్ పేరుతో డేటాసెట్ ఉంటుంది కానీ మౌంట్ కాదు, లాగ్, మెయిల్ లాంటివి మాత్రమే విడిగా మౌంట్ అయి ప్యాకేజీ చిట్టా రూట్‌తోనే ఉంటుంది. డెబియన్‌లో బీటీఆర్‌ఎఫ్ఎస్ వేసేవాళ్లు ఇదంతా చేత్తో చూసుకోవాలి. స్నాప్‌షాట్‌లు తీసే టైమ్‌షిఫ్ట్ వాడదలిస్తే అది @, @హోమ్ పేర్లున్న సబ్‌వాల్యూమ్‌లనే గుర్తిస్తుంది, డెబియన్ ఇన్‌స్టాలర్ పెట్టే పేరు వేరు.

512 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్న సొంత ల్యాప్‌టాప్‌కు ఇప్పటి ధోరణిలో సరిపడే అమరిక చిన్నదే: ఈఎఫ్ఐకి 1 జీబీ, మిగతాదంతా ఒకటే, బీటీఆర్‌ఎఫ్ఎస్ అయితే సబ్‌వాల్యూమ్‌లతో, ఈఎక్స్‌టీ4 అయితే రూట్‌కు 100 జీబీ, మిగిలినది /హోమ్. 1 టీబీ చిన్న సర్వర్‌కు ఈఎఫ్ఐ 1 జీబీ, /బూట్ 1 జీబీ, మిగతాది ఎల్‌వీఎం. అందులో రూట్ 40, /వార్/లాగ్ 20, డేటాబేస్‌కు ఇప్పుడున్న డేటాకు మూడింతలు, స్వాప్ 4, మిగతాది ఖాళీ. ఇక్కడో చిన్న విషయం: సిస్టమ్‌డీ (సర్వీస్‌లను నడిపే ప్రోగ్రామ్) రాసే జర్నల్ అనే లాగ్ తానున్న ఫైల్ సిస్టమ్‌లో 10 శాతం, గరిష్ఠంగా 4 జీబీ వాడుతుంది. 20 జీబీ /వార్/లాగ్‌లో అది 2 జీబీ దాటదు.

నడుస్తున్న సిస్టమ్‌లో /వార్ విడదీయడం

లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి, పాత రూట్‌ను ఒక చోట, కొత్త పార్టిషన్‌ను ఇంకో చోట మౌంట్ చేయాలి. ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్‌కు ఆర్కైవ్ ఆప్షన్‌తోపాటు హార్డ్‌లింకులు, ఏసీఎల్‌లు (అనుమతుల జాబితాలు), ఎక్స్‌టెండెడ్ ఆట్రిబ్యూట్‌లు కాపాడే ఆప్షన్లు, అంకెల యూఐడీల (యూజర్ నంబర్లు) ఆప్షన్ ఇవ్వాలి. మూలం పేరు చివర స్లాష్ పెట్టాలి, అది మరిస్తే కొత్త పార్టిషన్‌లో వార్ లోపల ఇంకో వార్ తయారవుతుంది. కాపీ అయ్యాక పాత వార్‌ను తుడవకుండా పేరు మార్చి, దాని స్థానంలో ఖాళీ వార్ డైరెక్టరీ చేయాలి. బ్లాక్ఐడీ కమాండ్ చూపించే యూయూఐడీని (ఫైల్ సిస్టమ్ ప్రత్యేక గుర్తు) ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో రాయాలి. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే డిస్క్ పేర్లు రాస్తే ఇంకో డిస్క్ తగిలించిన రోజు వరస మారిపోవచ్చు. వరసలో ఆఖరి అంకె తనిఖీ క్రమం: రూట్‌కు 1, మిగతా ఈఎక్స్‌టీ4లకు 2. ఎస్ఈలినక్స్ అనే భద్రతా వ్యవస్థ ఉన్న సిస్టమ్‌లో బూట్ అయ్యాక రీస్టోర్‌కాన్‌తో /వార్ లేబుళ్లు సరిచేయాలి. వారం బాగా నడిచాకే పాతదాన్ని తీసేయాలి.

పేరు మార్చకుండా పాత వార్ మీదే కొత్తది మౌంట్ చేస్తే పాత ఫైళ్లు కనబడకుండా కింద ఉండిపోతాయి. రూట్ నిండినట్టే ఉంటుంది, డీయూ ఎంత వెతికినా దొరకవు. రూట్‌ను ఇంకో డైరెక్టరీకి బైండ్ మౌంట్ (ఒక డైరెక్టరీని ఇంకో చోట కూడా చూపడం) చేస్తే ఆ కప్పు కింద ఏముందో బయటపడుతుంది.

రీబూట్‌కు ముందు ఫైండ్‌మౌంట్ వెరిఫై ఆప్షన్‌తో ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌ను ఒకసారి సరిచూసుకోవాలి. యూయూఐడీలో ఒక్క అక్షరం తప్పినా సిస్టమ్‌డీ ఆ డిస్క్ కోసం 90 సెకన్లు ఎదురుచూసి, ఎమర్జెన్సీ మోడ్‌లోకి పడేసి రూట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. డెబియన్‌లో ఇన్‌స్టాల్ సమయంలో రూట్ పాస్‌వర్డ్‌ను ఖాళీగా వదిలేసినవాళ్లకు ఆ ఖాతాకు పాస్‌వర్డే ఉండదు. అప్పుడు ఆ తెర తెరుచుకోదు, చేతిలో లైవ్ యూఎస్‌బీ ఉండాల్సిందే. బూట్‌కు అవసరం లేని బయటి డిస్కులకు నోఫెయిల్ ఆప్షన్ పెడితే, అవి లేకపోయినా సిస్టమ్ లేస్తుంది. /వార్‌కు, డేటాబేస్ పార్టిషన్‌కు మాత్రం దాన్ని పెట్టకూడదు. అవి లేకుండా లేచిన సర్వర్ కొత్త ఫైళ్లన్నీ రూట్‌లోని ఖాళీ డైరెక్టరీలోనే రాయడం మొదలుపెడుతుంది.